బుడగలు లెక్కపెట్టిన పూట

ఏదైనా ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమని రేడియోవారు అడిగినప్పుడు, కాశీ, రామేశ్వరం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గదా, నేను ఇంకోటి చెబుతానన్నాను. నేను చెప్పబోయేది సముద్రం అడుగు సంగతి. అడుగుదాకా నేను పోలేదు లెండి. ఎందుకు పోలేదో, పోకుండానే ఏమి చూశానో, అదే ఈ ప్రసంగం.

ముందు ఒక పాత మాట చెప్పాలి. లేకపోతే నీళ్ళంటే నాకెందుకంత భయమో మీకు అర్థం కాదు. మా ఊరి పక్కనుంచే బందరు కాలువ పోతుంది. 1972లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా పిన్ని కూతురూ నేనూ రేవు దగ్గర ఆడుకుంటున్నాం. అది నాకంటే ఏడాది చిన్నది. పాచి పట్టిన మెట్టుమీద కాలు జారింది. నేను చూస్తూనే ఉన్నాను. అరిచాను కూడానూ. పెద్దవాళ్ళు వచ్చేసరికి నీళ్ళు మామూలుగా పోతూ ఉన్నాయి. మర్నాడు లాకుల దగ్గర దొరికింది. ఆ తరవాత మా ఇళ్ళల్లో ఆడపిల్లలెవ్వరినీ కాలువవైపు పోనివ్వలేదు. మగపిల్లలకు మాత్రం ఈత నేర్పించారు! జారి పడేదానికి ఆడా మగా తేడా ఏమిటో ఎవరూ ఆలోచించలేదు. నేను తల్లినయ్యాక నేనూ అదే పని చేశాను. మా అమ్మాయికి ఈత నేర్పించలేదు. అది ఉద్యోగంలో చేరి అమెరికా వెళ్ళాక, హ్యూస్టన్లో తనంతట తనే నేర్చుకుంది.

ఇక నా సంగతి. యాభై ఎనిమిదో ఏట మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. నీళ్ళల్లో నడిస్తే మంచిదని డాక్టరుగారు చెప్పారు. హైదరాబాదులో మా ఇంటికి దగ్గర్లోని కొలనులో ఆడవాళ్ళకు విడిగా ఒక గంట ఉంది. అక్కడ నాలుగు నెలలు నడిచాను. నడుస్తూ నడుస్తూ తేలడం కూడా వచ్చింది. అయితే నాకు రొమ్ములోతు దాటి ఎప్పుడూ పోలేదు.

2024 జనవరిలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. టెక్సాస్ రాష్ట్రంలో గాల్వెస్టన్ అనే రేవునుంచి మెక్సికో తీరానికి విహారపు ఓడలు పోతాయి. అమ్మాయి, అల్లుడు, ఎనిమిదేళ్ళ మనవరాలు, మా వారు, నేను, అయిదుగురం అందులో బయలుదేరాం. ఓడ గురించి పెద్దగా చెప్పను. నీళ్ళమీద నడిచే హోటలు, అంతే. పొద్దస్తమానం తిండి. మేము పట్టుకెళ్ళిన కందిపొడి సీసా లేకపోతే మాకు ఆ తిండీ సహించేది కాదు. రెండు రాత్రులు గడిచాక మూడోనాడు పొద్దున్నే కోసుమెల్ దీవి కనిపించింది.

ఈ కోసుమెల్ మెక్సికోకు తూర్పున, యూకటాన్ ద్వీపకల్పానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి. పొడవు నలభై ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు పదహారు. మాయా జాతివాళ్ళ భాషలో ఆ పేరుకు వానకోయిలల సీమ అని అర్థమట. మనలాంటి వాళ్ళకు నచ్చే సంగతి ఒకటుంది. పూర్వం అది ఆడవాళ్ళ యాత్రాస్థలం. అక్కడ ఇష్చెల్ అనే దేవత ఉండేది. పురుళ్ళకూ, మందులకూ, నేతపనికీ ఆవిడే అధిదేవత. పిల్లలు కావాలనుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు బతుకులో ఒక్కసారైనా ఆవిణ్ణి చూడాలని తెడ్లపడవల్లో ఆ ఇరవై కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చేవారు. క్రైస్తవులు జెరూసలేముకూ రోముకూ వెళ్ళినట్టు వీళ్ళు కోసుమెల్కు వెళ్ళేవారని పదహారో శతాబ్దంలో డియేగో డె లాండా అనే స్పానిష్ మతాచార్యుడు రాశాడు. 1519లో కోర్టెస్ సేనలు ఆ దీవిలో దిగాయి. వెనకాలే మశూచి వచ్చింది. జనం తుడిచిపెట్టుకు పోయినంత పనయింది. సాన్ హెర్వాసియో అనేచోట ఆ గుళ్ళ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. మాకు టైము చాలక చూడలేకపోయాం. దానికి నాకు ఇప్పటికీ చింతే. ఆ జలసంధిలో ప్రవాహం ఎంత ఉధృతంగా ఉంటుందో ఆ రోజు నేను కళ్ళారా చూశాను గనక, నిండుచూలాలు తెడ్లపడవలో అది దాటేదంటే ఆ ధైర్యం ఎంతటిదో ఊహించుకోగలను.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇప్పుడు ఈ దీవికి జనం వచ్చేది పగడపు దిబ్బల కోసం. ఆస్ట్రేలియాలోని పెద్ద పగడపు దిబ్బ తరవాత ప్రపంచంలో రెండోది ఇదే. హోండురాస్ దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్లు సాగుతుంది. చూడడానికి రెండు దార్లున్నాయి. ఒకటి, కళ్ళకూ ముక్కుకూ అద్దం తొడుక్కుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీటిమీద బోర్లా తేలుతూ కిందకు చూడడం. దీన్ని స్నార్కెలింగ్ అంటారు. రెండోది వీపున గాలి ట్యాంకు కట్టుకుని లోపలకు మునగడం. ఇది స్కూబా.

అల్లుడు మా అందరికీ ఒక చిన్న పడవ, ఇద్దరు శిక్షకులను మాట్లాడాడు. అందులో ఒకావిడ ఆ దీవి పిల్లే, ముప్పయ్యేళ్ళుంటాయి. నన్ను 'సెన్యోరా' అని ఎంతో మర్యాదగా పిలిచింది. స్కూబా నేర్వని వాళ్ళకు కూడా పొద్దున లోతులేని నీళ్ళల్లో పాఠం చెప్పి, తమ చేతి దూరంలో ఉంచుకుని పన్నెండు మీటర్ల లోపు తీసుకెళ్ళడం అక్కడ మామూలు. పదేళ్ళు నిండని పిల్లలను తీసుకుపోరు. మనవరాలికి అందుకు కోపం. 'అమ్మమ్మ వెళ్ళకపోతే నేనూ ఊరుకుంటా' అంది.

ముందుగా మా చేతికి ఒక కాయితం ఇచ్చారు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, చెవికి ఆపరేషను అయిందా, కడుపుతో ఉన్నారా, రక్తపోటుకు మందులు వాడుతున్నారా అని వరసగా ప్రశ్నలు. ఎదురుగా అవును, కాదు. నేను అయిదేళ్ళనుంచీ బి.పి. మాత్ర వేసుకుంటున్నాను. ఒక్క అవును ఉన్నా డాక్టరు సంతకం చేసిన చీటీ లేనిదే లోపలకు తీసుకుపోరట. అల్లుడు మెల్లగా, 'అత్తయ్యగారూ, మీ బి.పి. అదుపులోనే ఉంది గదా, కాదు అని పెట్టెయ్యండి. డబ్బు కూడా ముందే కట్టేశాం' అన్నాడు. అబ్బాయి చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నా సరదా తీరాలనే అన్నాడు. మా అమ్మాయి మాట్లాడలేదు. ఇంత దూరం వచ్చి, ఈ వయసులో, మళ్ళీ వస్తానా అని నాకూ అనిపించింది. కలం 'కాదు' దగ్గరకు వెళ్ళింది కూడా, దాచడమెందుకు.

ఆపి, ఆ శిక్షకురాలిని అడిగాను, ఎందుకమ్మా ఈ పట్టింపని. ఆవిడ చెప్పింది నేను మన వంటింటి భాషలో చెబుతాను. మన కుక్కరు విజిలు వేసేముందు లోపల ఎంత వత్తిడి ఉంటుందో, నీళ్ళల్లో పది మీటర్ల లోతున మన ఒంటిమీద అదనంగా అంత వత్తిడి ఉంటుంది. అంత వత్తిడిలో పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ రెట్టింపుగా ఉబ్బుతుంది. అందుకని నీళ్ళల్లో ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు. బిగపట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఇంకొకటి, గోళీసోడా మూత తీస్తే బుస్సున పొంగుతుంది చూడండి. లోతున మన రక్తంలో కరిగిన నత్రజని కూడా, గబుక్కున పైకి వచ్చేస్తే అలాగే బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పి దగ్గర్నుంచి పక్షవాతం దాకా తేగలదు. అందుకే మెల్లగా లేవాలి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ తరవాత కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. అండమాన్ వెళ్ళేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోండి. పొద్దున మునిగి సాయంత్రం విమానం ఎక్కుదామనుకోవద్దు. ఇక బి.పి. సంగతా? నీళ్ళల్లో మునిగితేనే గుండెమీద బరువు పెరుగుతుంది. దానికి కంగారు తోడైతే, పన్నెండు మీటర్ల లోతున ఎవరికి చెప్పుకుంటాం? 'పైన అయితే మిమ్మల్ని కూచోబెట్టి మంచినీళ్ళిస్తాను సెన్యోరా, కింద నేనేమీ చెయ్యలేను' అంది ఆవిడ.

'అవును' దగ్గర గీత పెట్టాను. అల్లుడు నా డబ్బు వెనక్కి రాదన్నాడు. పోతే పోయిందన్నాను. నీటిమీద తేలడానికి మాత్రం మా డాక్టరుగారు ముందే ఒప్పుకున్నారు గనక స్నార్కెలింగ్ నాకు మిగిలింది. గుండె బాగాలేనివాళ్ళకు అదీ ప్రమాదమేనట. పెద్దవయసువాళ్ళు తేలుతూ తేలుతూనే అలసిపోయి ప్రాణంమీదికి తెచ్చుకోవడం కద్దు. డాక్టరునడగకుండా దిగకండి.

ఇప్పుడు మీరంతా అడగబోయే ప్రశ్న, ఏమి కట్టుకున్నావని. చీరతో కుదరదు, అది కాళ్ళకు చుట్టుకుంటుంది. అలాగని ఆ దేశపువాళ్ళలా నేనూ ఉండలేను. మెడదాకా, మణికట్టుదాకా ఉండే ఈతచొక్కా, చీలమండలదాకా బిగువు పైజామా. ఎండకూ అదే మంచిది. మంగళసూత్రాలు చొక్కా లోపలకు దోపేశాను. గాజులు తీసెయ్యమన్నారు, తళుకులాడేది చూస్తే కొన్ని పెద్దచేపలు దగ్గరకొస్తాయట. మట్టెలు కాలికి తొడుక్కునే ఆ కప్పపాదాల తొడుగుల్లో వత్తుకుని ప్రాణం తీశాయి. వేలికి ప్లాస్టరు చుడితే నయమయింది. తలకు కొబ్బరినూనె రాసుకుని వెళ్ళాను, అది తప్పయింది. 1996 నుంచి అది ప్రభుత్వం రక్షిస్తున్న సముద్రోద్యానం. నూనెలు, ఎండ పూతలు ఒంటికి రాసుకుని దిగకూడదు. పూతల్లో ఉండే కొన్ని రసాయనాలు పగడాల పిల్లలను చంపుతాయి. ఇందుకనే హవాయి రాష్ట్రంలో 2021 నుంచి అలాంటి పూతల అమ్మకమే నిషేధించారు. నన్ను రేవులోనే సబ్బుతో తలంటుకు రమ్మన్నారు.

మా వారి కథ వేరు. ఆయన మీసం పెళ్ళినాటిది. అద్దం అంచు మీసంమీద అంటుకోక నీళ్ళు కారుతూనే ఉంటాయట, అందరు మీసాలరాయుళ్ళకూ ఇదే అవస్థట. 'గీయించెయ్యండి' అన్నాను. 'ముప్పై ఏడేళ్ళనుంచి నువ్వు కోరుకుంటున్నదేగా' అన్నారు. గీయించలేదు లెండి. రెండు నిమిషాలకోసారి తల ఎత్తి నీళ్ళు ఒంపుకుంటూనే చూశారు. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్ముతో రుద్దాలని కూడా అక్కడే తెలిసింది. నాకు మొదట ఏవగింపు కలిగింది గాని, దానికి మించిన ఉపాయం లేదని నా అద్దమే రుజువు చేసింది.

దక్షిణాన పలాంకార్ అనే దిబ్బదాకా పడవలో వెళ్ళాం. అమ్మాయి, అల్లుడు శిక్షకురాలితో కలిసి వెనక్కు దొర్లి నీళ్ళల్లో పడ్డారు. ఒక్క క్షణం తలలు కనిపించాయి, తరవాత ఏమీ లేదు. అచ్చం కాలువలో చూసినట్టే, నీళ్ళు మామూలుగా పోతూ ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి. పడవవాడు నా మొహం చూసి, వేలితో చూపించాడు. మూడుచోట్ల బుడగలు పైకి వస్తున్నాయి. అక్కడ పడవకు లంగరు వెయ్యరు. ప్రవాహం దక్షిణంనుంచి ఉత్తరానికి లాక్కుపోతూ ఉంటుంది, లోపలివాళ్ళు ఈదనక్కర్లేదు, కొట్టుకుపోతూ చూడడమే. పడవ బుడగల వెంబడి పోతుంది. నేను ఆ బుడగలే లెక్కపెడుతూ కూచున్నాను. ఒక గుత్తి, రెండో గుత్తి, మూడో గుత్తి. ఒకటి ఆలస్యమైతే నా ఊపిరి ఆగేది. పచ్చి నిజం చెబుతున్నాను, ముప్పావుగంటసేపు నేను ఆ సముద్రం అందం చూడలేదు.

ఆ ట్యాంకు ఉపాయం కనిపెట్టింది ఇద్దరు ఫ్రెంచివాళ్ళు, నౌకాదళపు అధికారి కూస్తో, ఇంజనీరు గాన్యాన్, 1943లో. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క గ్యాసుతో కార్లు నడిపేవారు. ఆ కారుకు పెట్టిన మీటను మార్చి మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలేట్టు చేశారు. అయితే ఇదంతా మగవాళ్ళ విద్య అనుకోకండి. కొరియా దేశపు జెజు దీవిలో అమ్మమ్మలు సైతం ట్యాంకు లేకుండా ఊపిరి బిగపట్టి మునిగి నత్తలూ ఆల్చిప్పలూ తెచ్చి సంసారాలు ఈదారు. వాళ్ళ విద్యను 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. 1970లో సిల్వియా ఎర్ల్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో అయిదుగురు ఆడవాళ్ళు సముద్రంలోపల కట్టిన ఇంట్లో రెండువారాలు కాపురం చేశారు. ఇవన్నీ నాకు తరవాత మనవరాలు చదివి చెప్పింది. ఆ పూట బుడగల దగ్గర ఇవేవీ తెలియవు.

వాళ్ళిద్దరూ క్షేమంగా పైకి వచ్చాక, లోతు తక్కువగా ఉన్నచోట మా వంతు వచ్చింది. మనవరాలు చేపపిల్లలా దూకేసింది. నేను లైఫ్ జాకెట్టు వేసుకుని నిచ్చెన దిగాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, జనవరిలో కూడా ఇరవై ఆరు డిగ్రీలు. మొహం ముంచానో లేదో, గొట్టంలో నా ఊపిరి చప్పుడు నాకే కొలిమితిత్తిలా వినిపించింది. కింద నేల లేదు. ఎవరో కాలు పట్టుకు లాగినట్టయింది. తల ఎత్తి గొట్టం ఉమ్మేసి నిచ్చెన పట్టుకున్నాను. ఉప్పునీళ్ళు మింగాను. 'నా వల్ల కాదు' అన్నాను. శిక్షకురాలు తొందరపెట్టలేదు. నిచ్చెన వదలకుండానే మొహం మాత్రం ముంచమంది. పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా వదలమంది. అయిదుసార్లు అలా చేశాను. ఆరోసారి మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. నిచ్చెన ఎప్పుడు వదిలానో నాకు తెలియదు.

ఏమి చూశానని చెప్పను! ఊదారంగు విసనకర్రలు నేలలో నాటినట్టు ప్రవాహానికి ఊగుతున్నాయి. అవి చెట్లు కావు, పగడపు జాతి జంతువులే. గుండ్రని బండలమీద మనిషి మెదడులో ఉన్నట్టు ముడతలు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి గనక, ఒక గంపంత దిబ్బకు మా తాతగారి వయసుంటుంది. పసుపుమీద నల్లచారల చేపలు పెళ్ళివారిలా గుంపులుగా వచ్చి మా మొహాల్లోకి చూసి వెళ్ళాయి. రామచిలుక ముక్కున్న చేప ఒకటి కొరకొరమని బండను కొరుకుతోంది, ఆ చప్పుడు నీళ్ళల్లో స్పష్టంగా వినిపిస్తుంది. అది మింగిన పగడపురాయే పిండిపిండిగా బయటికి వచ్చి ఇసక అవుతుందట. ఆ తీరాల్లో తెల్లటి ఇసకలో చాలాభాగం ఈ చేపల ప్రసాదమేనని తెలిసి మా వారు ఇసకలో కూచోవడం మానేశారు. ఒక తాబేలు మా కిందనుంచి, తొందరేమీ లేనట్టు రెక్కలాడిస్తూ పోయింది. మనవరాలు నా వేళ్ళు నొక్కింది. నేనూ నొక్కాను. నీళ్ళల్లో మాటలుండవు గదా.

ఎర్రరంగు మాత్రం పైనే కనిపిస్తుంది. లోతుకు పోయేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపేనట. అమ్మాయి ఎర్రచొక్కా వేసుకు దిగింది, ఫోటోలో ముదురు బూడిదరంగులో ఉంది.

మధ్యమధ్య సున్నం కొట్టినట్టు తెల్లగా చచ్చిన పగడాలు కూడా కనిపించాయి. 2014లో ఫ్లారిడాలో మొదలైన ఒక పగడాల తెగులు 2018లో ఈ తీరానికి వచ్చింది. 2019లో ప్రభుత్వం కొన్ని దిబ్బలకు కొన్నాళ్ళు మనుషులను పోనివ్వకుండా మూసేసింది కూడా. 2023 వేసవిలో సముద్రం వేడెక్కి మళ్ళీ దెబ్బతిన్నాయి. శిక్షకురాలు తన చిన్నతనంలో ఇవెలా ఉండేవో చెబుతూంటే, ఎండిపోయిన చెరువు చూపించి చెప్పే మన ఊరి పెద్దలు గుర్తొచ్చారు. మాలాంటివాళ్ళను రోజుకు వేలమందిని దింపే ఓడలవల్ల కూడా నష్టమేనని ఆవిడ అనలేదు. నాకే అనిపించింది.

వెనక్కు వచ్చేటప్పుడు హడావుడి అయింది. మా ఓడ టెక్సాస్ గడియారం పాటించింది, దీవి గడియారం ఆ నెలలో గంట ముందుంది. ఓడ ఎవరికోసమూ ఆగదు గనక మా వారు కంగారుపడి అందరినీ పరిగెత్తించారు. చూస్తే గంట ముందే చేరాం. రేవులో కూచుని వేయించిన మొక్కజొన్న అప్పడాలు తిన్నాం.

ఇంటికి వచ్చాక ఒక బెంగ పట్టుకుంది. మా పిన్నికి చెప్పాలా వద్దా అని. ఆవిడకు ఎనభై ఆరేళ్ళు, బందరులో కొడుకు దగ్గర ఉంది. ఆ రోజు రేవులో నేనుండి నా ప్రాణం మిగిలిందని ఆవిడ ఎన్నడూ అనలేదు. అసలు ఆ మాటే మా మధ్య యాభై రెండేళ్ళుగా రాలేదు. పది రోజులు ఊరుకున్నాను. చివరికి ఆవిడే ఫోను చేసింది, మా వారెవరితోనో చెబితే తెలిసిందట.

'ఏమే, సముద్రంలోకి దిగావుటగా?'

'దిగాను పిన్నీ.'

'చేపలు కరవలేదుటే?'

కరవలేదన్నాను. లోపల ఏముంటుందో చెప్పమంది. చిలుకముక్కు చేప సంగతి, తాబేలు సంగతి, ఊదారంగు విసనకర్రలు, అన్నీ చెప్పాను. ఊ కొడుతూ విన్నది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను తెగిపోయిందేమోననుకున్నాను.

'అది ఉంటే నీకంటే ముందు దూకేది' అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్ళీ, 'నీ మనవరాలికి ఈత వచ్చుటే?' అని అడిగింది.

'వచ్చు పిన్నీ. నాకంటే బాగా వచ్చు.'

'అయితే సరే' అని ఫోను పెట్టేసింది.